కేరీ గారి ఇంట్లో మూసి ఉన్న గది



విలియం కేరీ గారి కథ మన సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లాండులో చెప్పులు కుట్టుకుంటూ, గోడ మీద ప్రపంచ పటం పెట్టుకుని ప్రార్థన చేసి, 1793లో మన దేశానికి వచ్చి, బైబిలును బెంగాలీలోకీ సంస్కృతంలోకీ ఇంకా ఎన్నో భాషల్లోకీ తెచ్చిన దైవజనులు. మిషనరీ ఆదివారం నాడు ఆయన పేరు ఎత్తకుండా ప్రసంగం ముగించే సేవకులు అరుదు. మేము కూడా ఎన్నో సార్లు ఎత్తాం. అయితే ఆ దైవజనుని ఇంట్లో ఒక గది ఉండేది. దాని తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. లోపల ఆయన భార్య డోరతీ గారు ఉండేవారు. 12 ఏళ్లు ఆమె మనసు ఆమె చేతిలో లేదు. ఈ సారి ఆ గది గురించి రాస్తున్నాం.

ఎందుకు అంటే, మన సంఘంలో మంచాన పడ్డ మనిషి లేని వీధి లేదు. పక్షవాతం వచ్చిన నాన్న, వారానికి మూడు సార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లవలసిన భర్త, కొడుకునే గుర్తుపట్టని అమ్మ, రాత్రంతా తనలో తాను మాట్లాడుకునే తమ్ముడు. వాళ్ల కోసం ప్రార్థన చేయడానికి వెళ్తాం. ప్రార్థన అయ్యాక, మంచం మీది వాళ్లు కాదు, వాళ్లను చూసుకునే వాళ్లు గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడుగుతారు, "అయ్యగారూ, మా విశ్వాసంలో ఏమైనా లోపం ఉందంటారా?" అని. ఈ ప్రశ్న వాళ్లంతట వాళ్లకు పుట్టింది కాదు. ఎవరో విశ్వాసులే వచ్చి, టీ తాగి, వాళ్ల చెవిలో వేసి వెళ్లింది.

డోరతీ గారి విషయంలో కూడా ఇదే జరిగింది. ఇంకా చెప్పాలంటే ఆమె చనిపోయాక కూడా చాలా కాలం జరిగింది.

ఆమె పుట్టిల్లు నార్తాంప్టన్‌షైర్‌లోని పిడింగ్టన్ అనే పల్లెటూరు. 1781 జూన్ 10న పెళ్లి. అప్పటికి కేరీ గారికి ఇంకా 20 నిండలేదు, ఆమె ఆయన కంటే ఐదారేళ్లు పెద్ద. పెళ్లి రిజిస్టరులో సంతకం చేయడం రాక గుర్తు వేశారు. మన అమ్మమ్మలు వేలిముద్ర వేసినట్టు. మొదటి బిడ్డ ఆన్ రెండేళ్లు నిండకుండానే జ్వరంతో పోయింది. అదే జ్వరం కేరీ గారినీ పట్టి దాదాపు ప్రాణం మీదికి తెచ్చింది. ఆ తర్వాత ఫెలిక్స్, విలియం, పీటర్ పుట్టారు. లూసీ అనే పాప పుట్టి, పసితనంలోనే పోయింది. ఇండియా అన్న మాట ఆ ఇంట్లో వినబడక ముందే ఆ తల్లి ఇద్దరు ఆడపిల్లలను మట్టిలో పెట్టింది. మనం మిషనరీ కథ చెప్పేటప్పుడు ఈ రెండు చిన్న సమాధుల దగ్గర ఆగం, నేరుగా ఓడ ఎక్కేస్తాం.

1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక ఇంటి గదిలో కొద్దిమంది బాప్టిస్టు సేవకులు కూడుకుని మిషనరీ సొసైటీ పెట్టారు. 1793 జనవరిలో కేరీ గారు, బెంగాల్లో అంతకు ముందే పని చేసి వచ్చిన జాన్ థామస్ అనే డాక్టరు గారితో కలిసి వెళ్తానని ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి చెబితే డోరతీ గారు రానన్నారు. అప్పుడామె కడుపుతో ఉన్నారు.  ఆ ఫిబ్రవరిలోనే ఇంగ్లాండుకు ఫ్రాన్సుకు యుద్ధం కూడా మొదలైంది. కేరీ గారు పెద్ద కొడుకు ఫెలిక్స్‌ను తీసుకుని బయలుదేరారు. అయితే ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా ఎక్కారని వాళ్లను ఓడ దించేశారు. వేరే ఓడ దొరికే లోపు ఇంటికి తిరిగొచ్చి చూస్తే, ఆమె బాలింత. నాలుగో కొడుకు జాబెజ్ పుట్టి ఉన్నాడు. మళ్లీ అడిగారు. మళ్లీ రానన్నారు. అప్పుడు థామస్ గారు వెనక్కి వెళ్లి, ఇప్పుడు రాకపోతే కుటుంబం శాశ్వతంగా చెదిరిపోతుంది, బ్రతికినంత కాలం పశ్చాత్తాప పడతావు అన్న అర్థంలో భయపెట్టి మాట్లాడారు. చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే వస్తానని ఆమె షరతు పెట్టారు. కిట్టీ ఒప్పుకుంది. ఒక్క రోజులో ఇల్లు సర్దుకుని బయలుదేరారు. జూన్ 13న డోవర్ రేవులో డెన్మార్కు ఓడ ఎక్కారు. చంకలో నెల దాటిన పసివాడు.

(మా ఇంట్లో దీని మీద వాదన ఎప్పుడూ తెగదు. మీరందరూ అమ్మగారు అని పిలిచే మా ఇంటావిడ ఈ ఒక్క విషయంలో కేరీ గారిని వదిలిపెట్టదు. "దేవుని పిలుపు ఆయనకు వచ్చింది, సామాను ఈమె సర్దింది" అంటుంది. మేము ఆ మాట కొట్టిపారేయలేం.)

ఐదు నెలల ప్రయాణం చేసి నవంబరులో కలకత్తా చేరారు. తెచ్చుకున్న డబ్బు థామస్ గారి చేతుల్లో త్వరగానే అయిపోయింది. కొద్ది నెలల్లో ఇల్లు మీద ఇల్లు మారారు. డోరతీ గారికీ ఫెలిక్స్‌కూ రక్త విరేచనాలు పట్టుకుని నెలల తరబడి తగ్గలేదు. సుందర్బన్స్ అడవుల పక్కన కొంతకాలం ఉన్నారు. అక్కడ వాళ్లను ఆదరించిన ఇంగ్లీషు ఉద్యోగి షార్ట్ గారిని కిట్టీ పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయింది. అంటే ఏ తోడు ఉంటేనే వస్తానని డోరతీ గారు ఓడ ఎక్కారో, ఆ తోడు పోయింది. 1794లో మాల్దా వైపు మద్నాబాటి అనే పల్లెలో నీలిమందు ఫ్యాక్టరీకి మేనేజరుగా కేరీ గారికి ఉద్యోగం దొరికింది. ఇక కుదుటపడ్డాం అనుకునే సరికి, అక్టోబరులో 5 ఏళ్ల పీటర్ రక్త విరేచనాలతో చనిపోయాడు.

ఆ బిడ్డ సమాధి సంగతి మన పల్లెల వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. కులం పోతుందని గొయ్యి తవ్వడానికి ఎవరూ రాలేదు. కేరీ గారు కూడా అప్పటికి జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నారు. చివరికి నలుగురు ముస్లిం సోదరులు ఒప్పుకుని తవ్వారు. తవ్వినందుకు వాళ్ల ఊళ్లో వాళ్లను వెలివేశారు. శవాన్ని మోసే మనుషులు దొరకక తల్లిదండ్రులే మోయవలసి వస్తుందేమో అన్నంత దాకా వచ్చింది. శ్మశానం కోసం, పాడె మోసే నలుగురి కోసం మన పెద్దలు ఎన్ని మాటలు పడ్డారో తెలిసిన వాళ్లం కాబట్టి, ఆ నలుగురు ముస్లింల పేర్లు పరలోకంలో ఎక్కడో రాసి ఉంటాయని మేము నమ్ముతాం.

తర్వాత కొద్ది నెలలకే, 1795లో డోరతీ గారి మాట తేడాగా ఉండడం మొదలైంది. భర్తకు వేరే స్త్రీలతో సంబంధం ఉందని ఆమె మనసులో పడింది. ఎంత చెప్పినా పోలేదు. మిగతా విషయాలు మామూలుగానే మాట్లాడేవారు, అందుకే విన్నవాళ్లకు అది నిజమేనేమో అనిపించేది కూడా. వీధిలో ఆయన వెంటపడి అందరి ముందూ అరిచేవారు. ఆయన ప్రాణం మీదికి కూడా వచ్చారని థామస్ గారు ఇంగ్లాండుకు రాశారు. కేరీ గారు మాత్రం చాలా కాలం ఇంటికి ఈ విషయం రాయనే లేదు. 1795 అక్టోబరులో చెల్లెళ్లకు రాసిన ఉత్తరంలో మొదటిసారి బయటపెట్టారు. ఇక్కడి వాళ్లందరికీ తెలుసు, అక్కడ ఎవరికీ చెప్పలేదు, నా భార్యను ఇక్కడ దొరలూ దేశస్థులూ పిచ్చిదనే అనుకుంటున్నారు, అనే తాత్పర్యంతో రాశారు.

ఆ ఉత్తరం దగ్గర మేము చాలా సేపు ఆగాం. అంత విశ్వాస వీరుడు నెలల తరబడి ఈ సంగతి దాచారు. ఎందుకు దాచారో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. పెళ్లి కావలసిన పిల్లలున్నారు, నలుగురూ ఏమనుకుంటారో, పాస్టరు గారింట్లోనే ఇలా అయితే ఎలా అంటారేమో. క్యాన్సరు అని చెప్పుకోవడానికే జంకుతాం, "కడుపులో గడ్డ" అంటాం. ఇక మతి తప్పింది అని చెప్పడం ఇంకెంత కష్టం! కానీ ఒక మాట. ఆయనకు సాయం దొరకడం మొదలైంది నలుగురికీ తెలిసిన తర్వాతే.

ఆ సాయం 1800లో శ్రీరాంపూర్‌లో వచ్చింది. కంపెనీ ఏలుబడి కాని, డెన్మార్కు వాళ్ల చిన్న పట్టణం అది. కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున ఉంటుంది. ముందు సంవత్సరం వచ్చిన జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, అచ్చు పని తెలిసిన విలియం వార్డ్ తదితరులతో కేరీ గారి కుటుంబం జనవరిలో కలిసింది. అందరికీ ఒకే వంట, ఒకే డబ్బు పెట్టె, ఒకే బల్ల. వచ్చిన కొత్తవాళ్లకు కేరీ గారి పిల్లలను చూస్తే గుండె తరుక్కుపోయింది. తల్లి గదిలో ఉంది, తండ్రి పనిలో ఉన్నారు, పిల్లలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగారు. హన్నా మార్ష్‌మన్ అమ్మగారు తన పిల్లలతో పాటు ఈ పిల్లలను కూడా దగ్గరికి తీశారు. వార్డ్ గారు 15 ఏళ్ల ఫెలిక్స్‌తో స్నేహం చేశారు. ఆ కుర్రవాడు మారుమనస్సు పొందింది తండ్రి ప్రసంగం వల్ల కంటే వార్డ్ గారి స్నేహం వల్లే అని చెప్పవచ్చు.

కేరీ గారు 1801 నుండి కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ, సంస్కృతం చెప్పేవారు. వారంలో కొన్ని రోజులు అక్కడే ఉండేవారు. ఆ రోజుల్లో శ్రీరాంపూర్‌లో డోరతీ గారికి అన్నం పెట్టి, గది శుభ్రం చేసి, కేకలు విని ఓర్చుకున్న చేతులు వేరేవాళ్లవి. ఆయన అనువాదాలన్నిటి వెనకా ఆ చేతులున్నాయి. జాషువా మార్ష్‌మన్ గారి కొడుకు పెద్దయ్యాక శ్రీరాంపూర్ చరిత్ర రాస్తూ, పక్క గదిలో మతి చలించిన భార్య అరుపుల మధ్య కేరీ గారు అనువాదం చేసేవారని చెప్పారు. ఇది చదివి చాలామంది కేరీ గారి ఏకాగ్రతను మెచ్చుకుంటారు. మెచ్చుకోండి, తప్పు లేదు. కానీ ఆ అరుపులు ఒక మనిషివి అని కూడా గుర్తుంచుకోవాలి.

1800 డిసెంబరు 28 ఆదివారం సంగతి వినండి. ఏడేళ్ల ప్రయాస తర్వాత మొదటి బెంగాలీ విశ్వాసి, వడ్రంగి కృష్ణ పాల్, బాప్తిస్మం తీసుకునే రోజు. అంతకు నెల ముందు ఆయన భుజం ఎముక తొలగితే థామస్ గారు వచ్చి సరిచేశారు, అలా ఆయనకు సువార్త వినే అవకాశం వచ్చింది. డెన్మార్కు గవర్నరు గారు కూడా నది ఒడ్డున నిలబడ్డారు. కేరీ గారు ఒక పక్క కొడుకు ఫెలిక్స్‌నూ ఒక పక్క కృష్ణ పాల్‌నూ తీసుకుని నీళ్లల్లోకి దిగారు. గవర్నరు గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. సరిగ్గా అదే సమయంలో, ఇన్నాళ్ల ఎదురుచూపు ఫలించిన ఆనందాన్ని తట్టుకోలేక మతి చలించిన థామస్ గారు ఒక గదిలో కేకలు పెడుతున్నారు. దారికి అవతలి పక్క గదిలో డోరతీ గారు అరుస్తున్నారు. నది ఒడ్డు దాకా వినబడుతోంది.

తన కడుపున పుట్టిన మొదటి కొడుకు బాప్తిస్మం తీసుకుంటుంటే ఆ తల్లి చూడలేకపోయింది. ఆ రోజు సంఘం ఆనందాన్ని వాయిదా వేయలేదు. ఆ అరుపులను దాచనూ లేదు. రెండూ ఒకే రోజు జరిగాయి, రెండూ రాసి పెట్టారు. ఇంట్లో రోగి ఉన్నప్పుడు పిల్ల పుట్టినరోజు చేసుకోవచ్చా, క్రిస్మస్‌కు కొత్త బట్టలు కట్టుకోవచ్చా అని మమ్మల్ని అడిగే అక్కలకు మేము ఈ సంగతి చెబుతూ ఉంటాం.

ఆ కాలంలో ఇలాంటి రోగులను ఏం చేసేవారో కూడా తెలుసుకోవాలి. ఇంగ్లాండులో పిచ్చాసుపత్రులంటే గొలుసులు, గడ్డి పరుపులు, దెబ్బలు. 1790లో యార్క్ పట్టణంలో అలాంటి చోట ఒక క్వేకరు విధవరాలు చనిపోతే, విలియం ట్యూక్ అనే క్వేకరు టీ వ్యాపారి మనసు కదిలి, తన సంఘం వాళ్లతో కలిసి 1796లో గొలుసులు లేని ఒక ఆశ్రమం తెరిచారు. రోగులతో మర్యాదగా మాట్లాడడం, తోటలో పని చేయించడం, కలిసి భోజనం చేయడం, ఇదీ అక్కడి వైద్యం. లోకమంతా మానసిక వైద్యం దారి మారడానికి కారణమైన చోట్లలో అది ఒకటి. ఆ పని మొదలుపెట్టింది డాక్టర్లు కాదు, మామూలు విశ్వాసులు. కానీ బెంగాల్లో అలాంటిది ఏదీ లేదు. కేరీ గారు ఆమెను ఎక్కడికీ పంపలేదు. చివరి రోజు దాకా తన ఇంట్లోనే ఉంచుకున్నారు. 1807లో జ్వరం వచ్చి, డిసెంబరు 8న ఆమె చనిపోయారు. శ్రీరాంపూర్ మిషను సమాధుల తోటలోనే పెట్టారు.

దీని తర్వాత జరిగిందే మమ్మల్ని ఎక్కువ బాధ పెట్టింది. వంద ఏళ్లకు పైగా కేరీ గారి జీవిత చరిత్రలు రాసినవాళ్లలో చాలామంది ఆమెను ఆయన కాలికి కట్టిన బండలాగా రాశారు. చదువు లేనిది, ఆయనకు తగనిది, దర్శనం లేనిది, మొదటి నుండీ ఆయన పనికి అడ్డే. చదువు రాని ఆ రోజుల్లో ఆ ఊరి ఆడవాళ్లలో ఎంతమంది సంతకం చేయగలిగేవారో మాత్రం వాళ్లు అడగలేదు. ముగ్గురు బిడ్డలను పోగొట్టుకుని, దేశం గాని దేశంలో, తోడు లేక, ఏడాది పాటు రక్త విరేచనాలతో ఎండిపోయిన మనిషికి మతి చలిస్తే అది ఆమె అవిశ్వాసమా? 1992లో జేమ్స్ బెక్ అనే ఆయన డోరతీ గారి మీదే ఒక పుస్తకం రాశారు. ఆమెకు వచ్చింది మానసిక వ్యాధి అనీ, వైద్యులకు తెలిసిన లక్షణాలే అవనీ ఆయన వివరించిన తర్వాత గానీ చాలామంది సేవకుల కళ్లు తెరుచుకోలేదు.

వ్యాధిని చూసి పాపం వెతికే అలవాటు పాతదే. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులే పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని అడిగారు. ప్రభువు వాళ్ల లెక్కనే తీసిపారేశారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నారు. అన్నిటికంటే మంచి పని చేసింది అప్పుడే. నోరు తెరిచాకే చెడగొట్టారు. పౌలు గారి చేతి గుడ్డలతో రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. అదే పౌలు గారు, రోగంతో ఉన్న త్రోఫిమును మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశారు. ఎపఫ్రొదితు చావు దాకా వెళ్లి బ్రతికితే, తన దుఃఖం మీద దుఃఖం పడకుండా దేవుడు కనికరించాడని ఫిలిప్పీయులకు రాశారు. పౌలు గారి విశ్వాసం ఒక చోట ఎక్కువ, మిలేతులో తక్కువ అని ఎవరూ అనలేదు కదా. మరి మన వీధిలో రోజుకు మూడు సార్లు పక్క తడిసిన అత్తగారికి బట్టలు మార్చే కోడలి విశ్వాసాన్ని తూకం వేసే అధికారం మనకెవరిచ్చారు?

ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. మతి చలించిన వాళ్లను ప్రార్థన పేరుతో గొలుసులతో కట్టే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. అలా గొలుసులు వేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. కేరీ గారి కాలంలో మందు లేదు, మనకు ఉంది. విశాఖపట్నంలో, హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఇంట్లో నుండే 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. దాని పేరు టెలి మానస్. డాక్టరు రాసిన మాత్రలు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. కళ్లద్దాలు పెట్టుకుని వాక్యం చదివేవాళ్లకు ఇది మళ్లీ చెప్పనక్కరలేదు. మేము చేతులుంచి ప్రార్థన చేస్తాం, మాత్రలు ఆపమని మాత్రం ఎవరికీ చెప్పం.

తోటి సేవకులు కూడా ఇది చదువుతారు గనుక వాళ్లకొక మాట. కేరీ గారి కథ చెప్పి, కాబట్టి కుటుంబం ఎలా ఉన్నా పరిచర్య ఆగకూడదు అని ప్రసంగించకండి. ఆ పరిచర్య ఆగకపోవడానికి హన్నా అమ్మగారు ఉన్నారు, వార్డ్ గారు ఉన్నారు, ఒకే బల్ల మీద భోజనం చేసిన సంఘం ఉంది. మీ భార్య మంచాన ఉండి మీకు అలాంటివాళ్లు ఎవరూ లేకపోతే, ఆ వారం సువార్త కూటాలు మానుకుని ఇంట్లో గంజి కాయండి. దేవుడు లెక్క తప్పడు.

కేరీ గారి జీవితంలో రోగి దగ్గర కూర్చునే పని డోరతీ గారితో అయిపోలేదు. 1808లో ఆయన షార్లెట్ రూమర్ గారిని పెళ్లి చేసుకున్నారు. డెన్మార్కు రాజ్యపు గొప్పింటి ఆడపడుచు, చిన్నప్పటి నుండీ ఆరోగ్యం చెడి సరిగా నడవలేని మనిషి. భాషలు తెలుసు, ఆయన అనువాదాలు చదివి సరిచూడడంలో తోడుండేవారు. 1821 మే నెలలో ఆమె పోయే దాకా, 13 ఏళ్లు, ఆ ఇంట్లో ఎంతో సంతోషం ఉంది. మన తెలుగు వాళ్లకు సంబంధించిన పని చాలా వరకు ఆ సంవత్సరాల్లోనే జరిగింది. విశాఖపట్నంలో లండన్ మిషను వాళ్లయిన దెగ్రాంజ్ గారు, ఆనందరాయర్ గారు తయారుచేసిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. దెగ్రాంజ్ గారు అప్పటికే, 1810లో, కన్నుమూశారు, పుస్తకం చూసుకోలేదు. అదే 1812 మార్చిలో అచ్చు కార్యాలయం కాలిపోయింది. కేరీ గారు మళ్లీ మొదలుపెట్టి 1814లో తెలుగు వ్యాకరణం వెలువరించారు. 1818లో అక్కడి నుండి తెలుగు కొత్త నిబంధన వచ్చింది. నడవలేని ఒక భార్య ఆ ఇంట్లో ఉన్న సంవత్సరాలు ఇవి. రోగి ఉన్న ఇల్లు ఆగిపోయిన ఇల్లు కాదని దీని వల్ల మాకు అర్థమైంది. అలాగని రోగి ఉన్న ప్రతి ఇల్లూ ఇలాగే వెలగాలి అని కూడా అనం. డోరతీ గారి 12 ఏళ్లల్లో వెలుగు చాలా తక్కువ. అది ఒప్పుకోవాలి.

ఇక ఇంగ్లాండులో మిగిలిన ఇద్దరు చెల్లెళ్ల సంగతి. కేరీ గారు మొదటిసారి తన ఇంటి బాధ రాసింది వాళ్లకే అని చెప్పాం కదా. వాళ్లల్లో చిన్నది మేరీ, ఇంట్లో పాలీ అని పిలిచేవారు. వయసులో ఉండగానే పక్షవాతం వచ్చి, సుమారు 50 ఏళ్లు మంచం మీదే ఉంది. మాట కూడా చాలా కాలం పడిపోయింది. కుడి చెయ్యి ఒక్కటే కదిలేది. ఆ చేత్తో, దిండ్లు ఆనుకుని, ఇండియాలో ఉన్న అన్నకు ఉత్తరాలు రాసేది. ఆయన పని కోసం ప్రార్థించేది. కేరీ గారు చనిపోయాక ఆయన చిన్నతనం గురించి లోకానికి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ చేయి రాసి ఇచ్చిందే. మిషనరీ కథలు చెప్పేవాళ్లు పాలీ గారిని అప్పుడప్పుడు తలుచుకుంటారు, మంచం మీద ఉండి ప్రార్థించిన వీరురాలు అని.

అయితే 50 ఏళ్లు ఆ దిండ్లు సర్దింది ఎవరు? కాగితం ముందు పెట్టి, సిరా బుడ్డి చేతికి అందే చోట ఉంచి, పక్క మార్చి, వీపు తుడిచి, అన్నం కలిపి పెట్టింది ఎవరు? పెద్ద చెల్లెలు ఆన్ హాబ్సన్. పెళ్లయి, పిల్లలున్న మనిషి, పాలీని తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. కేరీ గారి పేరు మీద కాలేజీలు ఉన్నాయి. ఆన్ పేరు మీద ఏ బోర్డూ మేము చూడలేదు. ఆమె చేసిన పని గురించి ప్రసంగాలూ వినలేదు. కానీ పాలీ ఉత్తరం ఓడ ఎక్కి నెలల ప్రయాణం చేసి శ్రీరాంపూర్ చేరి, అక్కడ భార్య గదిలో అరుస్తుంటే బల్ల ముందు కూర్చున్న అన్న చేతికి అందిందంటే, అందులో ఆన్ చేయి కూడా ఉంది.

మన సంఘంలో ఆన్ లాంటివాళ్లు ఎవరెవరో మీకు తెలుసు. గురువారం కూటం తర్వాత స్త్రీల సమాజం వాళ్లు ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. రోగి ఉన్న ఇంట్లో వారానికి ఒక్క రాత్రి తోడు పడుకోగలిగినవాళ్లు పేరు రాయించండి. మగవాళ్లు కూడా రాయించవచ్చు. మంచాన ఉన్న మగవాళ్లను ఎత్తి కూర్చోబెట్టడానికి అన్నదమ్ములే కావాలి. ఆటో ఉన్న తమ్ముళ్లు డయాలసిస్ రోజులకు తమ పేరు విడిగా రాయించండి. దూరాన ఉన్న పిల్లలు డబ్బు పంపుతామని ఫోను చేస్తున్నారు, సంతోషం. కానీ ముందు మీ అమ్మకు ఫోను చేసి, రాత్రి ఎన్ని సార్లు లేస్తోందో అడగండి.